ఇరవై వాటాల కాగితం

బండి కదిలింది. ముందు ఇంజను ఎక్కడో దూరాన ఒళ్ళు విరుచుకున్నది. ఆ విరుపు పెట్టె తరువాత పెట్టెగా పాకి వచ్చి, చివరికి మూడో తరగతి చెక్కబల్లను తాకి, శాంతవ్వ ఒడిలో ఉన్న రేకుడబ్బా మూతను టకటకలాడించింది. ఆమె రెండు అరచేతులూ మూతమీద ఆనించి కూర్చున్నది. వికారాబాదు మిషన్ దవాఖానలో దొరసాని బిస్కట్లు తినగా మిగిలిన డబ్బా అది. మూతమీద ఎర్రకోటు సిపాయి ఒకడు బూర ఊదుతూ ఉంటాడు. ఏడేళ్ళుగా ఊదుతూనే ఉన్నాడు గాని ఇంతవరకు ఒక్క కూత వినిపించిన పాపాన పోలేదు. ఇవాళ మాత్రం వాడు నిజంగానే ఊదుతున్నాడేమో అనిపించింది ఆమెకు. ఎందుకంటే ఆ మూత కింద తొంభై ఎనిమిది వాటాల కాగితాలున్నాయి. బీరమ్మవి ఆరు, గోవిందమ్మవి నాలుగు, తనవీ తన పెనిమిటి యోబువీ కలిపి పదహారు, మిగిలినవి రాళ్ళు మోసిన తక్కిన ఆడవాళ్ళవి. తాండూరు నాపరాతి గని వాటాలు. నిన్నమొన్నటి దాకా పొయ్యి రాజేయడానికి కూడా పనికిరావని అందరూ నవ్విన కాగితాలు. పంతొమ్మిది వందల అరవై రెండు ఫిబ్రవరి నెల, గురువారం, మిట్టమధ్యాహ్నం. మూడు గంటలకు తాండూరు ఆఫీసులో ఆ కాగితాలకు ధర కట్టబోతున్నారు. గుండెలో సంతోషం పొంగుతున్న పాలలాగా అంచుదాకా వచ్చి నిలిచింది. పొంగిపోకుండా ఊదుతున్నది ఒక్కటే, కిష్టయ్య మాట.

ఆ కిష్టయ్య ఇదే బండిలో, రెండు పెట్టెల ముందు కూర్చున్నాడు. వ్యాపారం పేరుతో ఊళ్ళు తిరిగి, ఒకరికి తెలిసిన సంగతి ఇంకొకరికి తెలియకముందే లాభం చేసుకునే మనిషి. ఇందాక ప్లాట్‌ఫారం మీద ఆకూ వక్కా నములుతూ ఎదురుపడి, డబ్బా వంక కళ్ళెగరేశాడు. "ఏం శాంతవ్వా, డబ్బా పట్టుకొని పయనమైనవు? ఏమున్నది అండ్ల?" "బైబిలున్నది. చదువుతవా?" అన్నది ఆమె. "మనకెందుకమ్మా గంత పుణ్యం! నిన్న ధారూర్ పోయొచ్చిన. మొగులమ్మ ఇంట్ల మస్తుసేపు కూసున్న. చాయ్ గిట్ల పోసింది. మంచి మనిషి." అంతే. ఇంకొక్క ముక్క చెప్పలేదు. చెప్పకుండా వదిలేసిన ముక్కను ఎదుటివాళ్ళ గుండెలో తానే మొలకెత్తనిస్తాడు. అది అతని విద్య. అబద్ధమాడేవాణ్ణి దండించడానికి శాసనాలున్నాయి, నిజాన్ని సగానికి విరిచి అమ్మేవాడికి మాత్రం లోకంలో ఇంకా శిక్ష రాయలేదు, అనుకున్నది శాంతవ్వ, మిషన్ బడిలో నాలుగో తరగతి పంతులమ్మ బెత్తం గుర్తుకొచ్చి.

లెక్క చిన్నదే. దాన్ని ఆమె మూడు రాత్రులు దవాఖాన వంటింట్లో పప్పు కలుపుతూ, గరిటెతో కుండ అంచుమీద కొట్టి కొట్టి కట్టింది. గనిలో మొత్తం వెయ్యి వాటాలు. బొంబాయి నుంచి వచ్చిన పెద్ద సిమెంటు కంపెనీ, తొమ్మిది వందలు ఒకేసారి చేతికి వస్తేనే గనిని కొంటానంటున్నది. వాటాకు అరవై ఐదు రూపాయలు. గని తవ్వించిన బాల్‌రాజ్ పటేలువీ, ఆయన తోటి షావుకార్లవీ కలిపితే ఎనిమిది వందల అరవై. ఆడవాళ్ళవి నూట నలభై. అందులో ఇరవై రెండు కిష్టయ్య అప్పుడే పన్నెండేసి రూపాయలకు ఎత్తుకుపోయాడు. ఇంకొక్క పద్దెనిమిది అతని చేతబడితే కంపెనీ కోరిన తొమ్మిది వందలూ నిండుతాయి. ఇక ఈ డబ్బాలో ఉన్నవాటిని ఎవరూ అడగరు, అడిగినా విదిలించిందే ధర. ధారూరులో మొగులమ్మ దగ్గర ఒకే కాగితం మీద ఇరవై వాటాలున్నాయి. ఆ కాగితం ఎటు పోతే న్యాయం అటు పోతుంది. న్యాయమనేది ఇంత పల్చని వస్తువు మీద ఎక్కి ఊరేగుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

కిటికీ చువ్వల అవతల అనంతగిరి కొండ పక్కకు జరుగుతున్నది. మోదుగులు పూశాయి. ఆకు ఒక్కటి లేకుండా కొమ్మ కొమ్మా నిప్పు, ఎవరో కొండనిండా పొయ్యిలు వెలిగించి వంటకు పిలుస్తున్నట్టు. ఆ చెట్ల వెనక, పైన, క్షయ దవాఖానలో యోబు ఉన్నాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకున్నదన్నారు. ఇప్పుడు దగ్గు తగ్గింది, రెండు రొట్టెలు తింటున్నాడు, నర్సమ్మలతో పరాచికాలాడుతున్నాడు. పోయిన ఆదివారం చూడబోతే, మంచం పక్కన నేలమీది బండను వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గి వింటున్నాడు. "ఏం చేస్తున్నవయ్యా?" అంటే, "గీ బండ మనది గాదే. గిది వేరే పొరది. మనది గంటలెక్క పలుకుతది" అన్నాడు. ఆ చెవి! ఆ ఒక్క చెవిని నమ్మే కదా ఆమె పదేళ్ళ కిందట ఇంతమంది ఆడవాళ్ళ ఎదుట మాట ఇచ్చింది.

పదేళ్ళ కింద, తాండూరు ఎండ. గొయ్యి అప్పటికి ముగ్గురు మనుషుల లోతు. కోడిగుడ్డు పెంకులాగా చేతిలో చిట్లిపోయే పుచ్చురాయి తప్ప ఏమీ పడలేదు. బాల్‌రాజ్ పటేలు అప్పుడు పాతికేళ్ళవాడు. తండ్రి ఇచ్చిన కందిచేను అమ్మి గొయ్యి తవ్విస్తున్న పిచ్చివాడని తాండూరు బజారంతా చెప్పుకునేది. నాలుగు నెలల కూలి ఆగిపోయింది. ఒక సాయంత్రం ఆయన గొయ్యి అంచున నిలబడి, టోపీ చేతిలో నలుపుతూ, "అమ్మా, నా దగ్గర పైసల్లేవు. కాగితాలున్నయి. కూలికి బదులు వాటా ఇస్త. నీలం పొర తగిలితే మీరు కూలోళ్ళు గారు, గనికి మాలికులు" అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు, కొందరు ఏడ్చారు. పురుషులు చాలామంది గడ్డపారలు విసిరేసి సిమెంటు పనికి షాబాదు దిక్కు పోయారు. అప్పుడు యోబు గొయ్యి అడుగుకు దిగాడు. సుత్తె తిప్పి పట్టుకుని, వెనక మొనతో ఒకచోట మెల్లగా కొట్టాడు, చెవి రాతికి ఆనించాడు, ఇంకోచోట కొట్టాడు. నలభైమంది గొయ్యి అంచున వంగి చూశారు. పైకి చూసి, "ఉన్నది. ఇంకో రెండు నిలువులు దిగితే ఉన్నది" అన్నాడు. చదువు వచ్చినది శాంతవ్వ ఒక్కతే. రాళ్ళ కుప్పమీదికెక్కి ఆ కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా, ప్రార్థనలో వాక్యం చదివినట్టు, గొంతెత్తి చదివింది. సగం మాటలు ఆమెకే అర్థం కాలేదు. కాని "ఇందలి వాటాదారులందరికీ సమాన ధర, సమాన హక్కు" అన్నచోట గొంతు ఆగింది. సమానం అనే మాటను అచ్చులో చూడటం ఆమెకు అదే మొదలు. ఆ వాక్యాన్ని రెండోసారి చదివింది. మొట్టమొదట వేలు ముందుకు చాచినది మొగులమ్మ; తలమీద ఒకేసారి రెండు బండలు మోసే మనిషి, రెండాళ్ళ కూలి వదులుకుని ఇరవై వాటాలకు వేలిముద్ర వేసింది. "శాంత చదివింది గద. ఇగ అబద్ధమెట్లయితది?" అన్నది.

అబద్ధమెట్లా అవుతుంది! అవుతుంది. నిజం ఆలస్యమైతే దాని పేరే అబద్ధం. నీలం పొర తగలడానికి మరి రెండేళ్ళు పట్టింది. తగిలిన తరువాత వచ్చిన సొమ్మంతా రాయి కోసే యంత్రానికీ, స్టేషనుదాకా వేసిన బాటకూ, అప్పుల వడ్డీకీ పోయింది. వాటాదారు చేతికి దమ్మిడీ రాలేదు. ఆ రెండేళ్ళూ చేదబావి దగ్గర ఆమె కడవ దించితే చాలు, పక్క కడవలు జరిగిపోయేవి. "శాంతవ్వ కాగితం" అనేది ఒక సామెతలాగా తయారైంది ఆ వాడలో. మొగుడు తాగి వచ్చి రేపటి నుంచి మానేస్తానంటే, "ఆఁ, శాంతవ్వ కాగితం రాసియ్యి" అనేవారు. మొగులమ్మ అయితే నడిబజారులో, "నీ చదువుల మన్నువొయ్య! రెండాళ్ళ కష్టం మింగినవు గదే!" అని అరిచి, ఆనాటితో మాట మానేసి ధారూరులో అన్న పంచన చేరింది. ధారూరు జాతరలో ఒకసారి ఎదురుపడితే మొహం తిప్పుకుని గాజుల దుకాణం దిక్కు చూసింది. చేతికి అప్పుడు గాజులే లేవు. ఆ బోడిచేయి శాంతవ్వ కళ్ళలోంచి ఇప్పటికీ పోలేదు. యోబుకు దగ్గు పట్టాక వాళ్ళు తాండూరు వదిలి వికారాబాదుకు వచ్చారు; ఆమె దవాఖాన వంటింట్లో చేరింది. పోగా పోగా గంజి కాచే కుండల ఆవిరిలో ఆ వాక్యం ఒక్కటే మిగిలింది. సమాన ధర, సమాన హక్కు. పచ్చి అబద్ధమే అయితే, దాన్ని అంత చక్కని అక్షరాలతో అచ్చువేసే తీరిక ఎవరికుంటుంది?

చక్రాలు అదే మాట అంటున్నాయి ఇప్పుడు. సమానం సమానం సమానం. ఎదుటి బల్లమీద ముసలాయన ఒకడు జామకాయ కోసి ఉప్పు అద్ది ఒక ముక్క ఆమెకు చాచాడు. తీసుకున్నది. ఇంత తియ్యని జామకాయ తిని ఎన్నాళ్ళయిందో. చూడు, మనసుకు సిగ్గుండదు; మొగులమ్మ కాగితం పోయిందేమోనని ఒకపక్క గుబులు, ఇంకోపక్క జామముక్క రుచి. నెల కిందట కిష్టయ్య దవాఖాన వెనక గేటు దగ్గరికొచ్చి, "పాత కాగితాలున్నయట గద, పోనీ వాటాకు పన్నెండు రూపాయలిస్త, పిల్లలు ఆడుకుంటరు" అన్నప్పుడే ఆమెకు నవ్వొచ్చింది. పైసాకు కొరగాని చెత్తను పన్నెండు రూపాయలకు కొనేవాడు ధర్మాత్ముడైనా అయి ఉండాలి, సంగతి తెలిసినవాడైనా అయి ఉండాలి. కిష్టయ్య ధర్మాత్ముడు కాడు. మరునాడే సెలవు పెట్టి తాండూరు పోయి బాల్‌రాజ్ పటేలు ఎదుట నిలబడి, "పటేలా, మమ్ముల మరిచినవా?" అని అడిగింది. ఆయన తల నెరిసింది. "మరువలేదమ్మా! అందరికీ కంపెనీ ధర సంగతి ఉత్తరాలు రాయించిన. ఒక్కరి జవాబన్నా రాలేదు. మీరు రామంటున్నరనుకున్న" అన్నాడు. రిజిస్టరు తెప్పించి చూశారు. ఆడవాళ్ళందరి పేర్ల ఎదుట చిరునామా గడిలో ఆనాటి గుమాస్తా ఒకే మాట రాశాడు: గని కాడ. గని కాడ! వాళ్ళు గని వదిలి ఎన్నేళ్ళయింది! ఇద్దరూ గనికి నడిచారు. కావలివాని గుడిసెలో, జొన్నకర్ర తట్టలో, ముప్పై ఒక్క ఉత్తరాలు దుమ్ముకొట్టుకుని పడి ఉన్నాయి. వాటిమీద ఒక పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. ఎవరి దోషమనాలి? పిల్లిని లేపి, పిల్లల్ని గోనెసంచిలోకి మార్చి, ఉత్తరాలు దులిపి ఒడిలో పోసుకుని, శాంతవ్వ ఊరూరా తిరిగింది. రాళ్ళ కుప్ప లేకపోయినా వాడవాడలో అరుగులెక్కి మళ్ళీ చదివింది, అప్పగింత వేలిముద్రలు వేయించి కాగితాలు డబ్బాలో చేర్చింది. ధారూరుకు మాత్రం పోలేకపోయింది. కాళ్ళు రాలేదు. రైలు పట్టాలు చూసే గ్యాంగుమన్ భీమప్ప చేత కబురు పంపింది: గురువారం పగటి బండికి కాగితం పట్టుకుని రా, ఎవ్వరికీ అమ్మకు. జవాబు రాలేదు. పోవలసింది తాను. ముఖాముఖి నిలబడి తిట్లు తినవలసింది తాను. ఊరందరికీ న్యాయం చదివిన నోరు, ఒక్క మనిషి గుమ్మంలో ఎండిపోయింది. ఇది పిరికితనమే, మరొక పేరు పెట్టకూడదు దానికి.

అరవై ఐదు ఇంటూ పదహారు. వెయ్యినలభై. ఆ సొమ్ముతో ఏం చేస్తావని యోబు అడిగితే నేల వేయిస్తానన్నది. జీవితమంతా నెత్తిమీద నుంచి ఎన్ని నేలలు పోయాయో. హైదరాబాదులో ఎవరి వరండాలో, ఏ కచ్చేరీలో, ఏ పెళ్ళిమండపంలో అవి పరుచుకుని ఉన్నాయో. వాళ్ళ ఇంట్లో మాత్రం శనివారం శనివారం పేడతో అలికిన మట్టి. నీలం బండలు, నాలుగు మూలలా గీతకు గీత కలిసేటట్టు పరిపించి, వేసవి మధ్యాహ్నం తడిగుడ్డతో తుడిచి, చీర కొంగు కూడా పరవకుండా వీపు ఆనించి పడుకోవాలి. యోబు పక్కన పడుకుని వేలితో కొట్టి వినాలి. గంట మోగాలి. ఆ ఊహకే వీపు చల్లబడి ఆమె బల్లమీద నిటారుగా అయింది.

బండి నెమ్మదించింది. ధారూర్. ఆమె చువ్వలకు మొహం ఆనించింది. ప్లాట్‌ఫారం మీద కందిమూటలు, ఒక మేక, ఇద్దరు పోలీసులు, సంకన బిడ్డతో ఒకామె. మొగులమ్మ లేదు. ముందు పెట్టెలోంచి కిష్టయ్య దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు చూస్తున్నాడు. అతనూ వెతుకుతున్నాడు! ఆమె గుండె ఒక్కసారి గంతేసింది. కొన్నవాడు వెతకడు కదా. కాగితం జేబులో ఉన్నవాడికి మనిషితో పనేమిటి? కాని మొగులమ్మ లేదు. గార్డు పచ్చజెండా విప్పుతున్నాడు. లేదు. ఈల వేశాడు. లేదు, లేదు, ఇంతలో గేటు దగ్గర ఎండకు నెత్తిమీద చాట బోర్లించుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోసి, ఒక పొడుగాటి మనిషి పరుగెత్తి వస్తున్నది. ఆ నడుమును ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చు. రెండు బండలు మోసినా వంగని నడుము. కిష్టయ్య అడ్డంపోయి పళ్ళికిలించాడు. "ఏందే మొగులమ్మా, తాండూర్ల చాటలు అమ్మవోతున్నవా?" "అమ్ముత. నీకు గాదు!" అని ఒక్క తోపు తోసి, కదులుతున్న బండి కమ్మీ పట్టుకున్నది. శాంతవ్వ తలుపు దగ్గరికి ఉరికి చేయి చాచింది. ఇన్నేళ్ళ తరువాత మొదటిసారి ఆ అరచేయి ఆమె అరచేతికి తగిలింది. అప్పటి కాయలు అట్లాగే ఉన్నాయి. కిష్టయ్య కూడా ఉరికి తన పెట్టె ఎక్కాడు.

మొగులమ్మ శాంతవ్వ పక్కన బల్లమీద కూలబడి ఊపిరి తీసుకున్నది. తరువాత చాట ఒడిలో పెట్టుకుని, కిటికీ దిక్కు చూస్తూ, ఎవరికో చెప్పినట్టు మొదలుపెట్టింది. "ఆడొచ్చిండు నిన్న. సాపమీద పైసలు పరిచిండు. రెండు నూర్ల నలభై. నా బతుకుల గన్ని ఒక్కసారి సూడలే. నీ కబురు అందింది గని, శాంత మాట ఒక్కపారి నమ్మి ఆగమైన, మల్ల నమ్ముతనా అనుకున్న. ఇచ్చేద్దామనే లేచిన పిల్లా, దాపెందుకు. కాగితం దొర్కలే! సందుగ తీసిన. అటుకెక్కిన. కుండలన్ని దించిన. ఆడు కూసున్నడు. ఎతికి ఎతికి యాష్టకొచ్చి, యాడ వెట్టిన్నో యోచన జేసుకుంట, ఆని ముంగట్నే జొన్నలు చెరుగవడితి. పొట్టంత ఆని మీసాల మీద వడ్డది. దీపం వెట్టేదాక కూసుండి, తుమ్ముకుంట పోయిండు. ఇయ్యాల పొద్దుగాల చాట అడుగు జర వూడినట్టున్నదని బోర్లేసి సూస్తే..."

చాటను బోర్లించింది. మెంతులు, నానిన కాగితాలు కలిపి రుబ్బి పూసిన పసుపుపచ్చని పూత. ఏటేటా ప్రతి ఇంట్లో చాటకు వేసేదే. ఆ పూత ఊడిన చోట, వెదురు అల్లికకు అతుక్కుని, గుండ్రని ముద్ర, దాని కింద అచ్చులో నూట పద్నాలుగో సంఖ్య, ఇరవై వాటాలు. శాంతవ్వ చాట మీదికి వంగింది. "రుబ్బేసినవా అక్కా!" అన్నది. "రుబ్బుదామనే నానవెట్టిన. ఎప్పటిదో మాట. ఒక్క పూట నానినా మెత్తవడలే నీ కాగితం. రోట్లె వేస్తె పొత్రానికి చుట్టుకున్నది. నీ లెక్కనే మొండిది. చేసేది లేక గట్లనే అడుక్కు పరిచి అతికిచ్చి, మీదికెల్లి పూసిన. ఇగ మరిచిన." ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మొదట ఎవరు నవ్వారో తెలియదు. పొంగకుండా నిలిచిన పాలు ఇక నిలవలేదు. ఏళ్ళ తరబడి ఆ కాగితం మీద జొన్నలు చెరిగింది, కందులు చెరిగింది, రాళ్ళేరింది, పొట్టు ఊదింది. తెలియక పదమూడు వందల రూపాయలను పొద్దూ మాపూ ఎగరేసి పట్టుకున్నది! ముందురోజు దొరికి ఉంటే ఇల్లు తెలివిగా సర్దుకున్న ఇల్లాలిగా మిగిలి, రెండు వందల నలభైకి న్యాయాన్ని అమ్ముకునేది. మరుపు కాపాడింది. చదువు చేయలేని పని మెంతిపూత చేసింది. శాంతవ్వ కడుపు పట్టుకుని నవ్వుతుంటే జామకాయ ముసలాయన సంగతి తెలియకుండానే నవ్వాడు, ధారూరులో ఎక్కినామె సంకబిడ్డ నవ్వింది, టికెట్లు చూడవచ్చిన టీసీ కూడా, "చాటకు టికెట్ తీస్కున్నరా?" అని మూతి బిగించబోయి బిగించలేకపోయాడు. "దానికి ఫస్ట్ క్లాస్ తియ్యాలె బిడ్డా. గది మాలికుల చాట!" అన్నది మొగులమ్మ.

నవ్వు తగ్గాక బండి చప్పుడు మిగిలింది. మొగులమ్మ చాట అంచును వేలితో నిమురుతూ, "పదేండ్లు తిట్టిన నిన్ను" అన్నది. "అండ్ల ఏడేండ్లు నాకు వినవడలే అక్కా. వికారాబాదుల ఉంటి." మొగులమ్మ మోచేత్తో పొడిచింది. క్షమాపణ ఇంతకంటే పొడుగ్గా ఉండవలసిన పని లేదు. రుక్మాపూర్ దాటింది. నేల రంగు మారింది. అడవి వెనక్కి పోయి నల్లరేగడి వచ్చింది, కోసిన కందిచేలు వచ్చాయి, తరువాత పట్టాల పక్కన పేర్చిన బండల వరుసలు, నీలం, పచ్చ, పావురం రెక్కలాంటి బూడిదరంగు, నిలబెట్టిన పలకల్లాగా ఎండకు మెరుస్తూ. ఆ గొయ్యి కనిపించింది. ఎంత పెద్దదైంది! ఒకనాడు అందులో తన పాదముద్రలు లేని చోటు లేదు. అమ్మడమంటే విడిచిపెట్టడమే, యోబు ఊపిరి సగం అందులోనే ఉన్నది. ఉండనీ. మిగిలిన సగంతో నీలం నేలమీద నవ్వుతాడు.

ఆఫీసు స్టేషను పక్కనే. బల్లకు అటువైపు బాల్‌రాజ్ పటేలు, షావుకార్లు, మధ్యన బొంబాయి కంపెనీ ఆఫీసరు, కళ్ళజోడు మనిషి. కిష్టయ్య వీళ్ళకంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. శాంతవ్వ సిపాయి డబ్బా తెరిచి తొంభై ఎనిమిది వాటాలూ బల్లమీద పెట్టింది. దాని పక్కన మొగులమ్మ చాట బోర్లించింది. రెండు జొన్నగింజలు దొర్లి ఆఫీసరు పుస్తకం మీద పడ్డాయి. "యే క్యా హై?" అన్నాడాయన. "షేర్" అన్నది మొగులమ్మ, ఆయన భాష తనకూ వచ్చునన్నట్టు. కిష్టయ్య మెడ చాచి ఆ ముద్రను చూశాడు. చూసి, అప్రయత్నంగా మీసాలు తుడుచుకున్నాడు. రిజిస్టరు తీశారు. నూట పద్నాలుగు, మొగులమ్మ, ఇరవై, ఎదురుగా వేలిముద్ర. ఆఫీసరు కొత్తగా ఆమె వేలు సిరాలో అద్దించి పక్కన వేయించి, రెంటినీ భూతద్దంతో చూసి, తల ఊపాడు.

అప్పుడు శాంతవ్వ బల్లమీద కాగితాల మీద చేయి పెట్టి, తీయకుండా, రాళ్ళ కుప్పమీద చదివిన గొంతుతోనే అన్నది. "ఇవి నూటపద్దెనిమిది. ఇవి లేకుంటే మీకు తొమ్మిది నూర్లు గావు. ఇయ్యాలంటే ఒక్క మాట. ఉత్తరాలు అందక ముందు అమ్ముకున్నోళ్ళ ఇరవై రెండున్నయి. అవి ఇంక రిజిస్టర్ల వాళ్ళ పేర్ల మీదనే ఉన్నయి. అట్లనే ఉండాలె. కిష్టయ్య పన్నెండు కిష్టయ్యకిస్తం. అరవై ఐదు వాళ్ళది. సమాన ధర అని మీరే అచ్చేసిండ్రు, పటేలా." కిష్టయ్య కుర్చీ వెనక్కి పడింది.  బాల్‌రాజ్ పటేలు, పదేళ్ళ కిందట టోపీ నలిపిన ఆ చేతులతోనే రిజిస్టరు మూసి, "కిష్టయ్య పేరుకు మార్చే సంతకం నాది. నేను చెయ్య" అన్నాడు. ఆఫీసరు భుజాలెగరేశాడు, ఎవరి పేరైతే తనకేమిటి, వాటాలు చాలు.

వ్యవహారం ముగిసి సొమ్ము చీటీలు చేతికి వచ్చాక మొగులమ్మ అలవాటుగా చాట అందుకోబోయింది. ఆఫీసరు దానిమీద చేయి పెట్టాడు. అసలు కాగితం కంపెనీకి అప్పగించాలి, అది రూలు; ఊడదీస్తే చిరుగుతుంది గనుక చాటతో సహా బొంబాయికి పోవాలి. బాల్‌రాజ్ పటేలు తెలుగులో చెప్పాడు. మొగులమ్మ నడుం మీద చేతులు పెట్టుకున్నది. "కాగితం పైసలిచ్చినవు. బరాబర్. చాట పైసలెవరిస్తరు? రేపు కందులు నీ పుస్తకంల చెరగాల్నా?"  ఆఫీసరు ఆమె మాట తర్జుమా చేయించుకున్నాడు, కళ్ళజోడు తీశాడు, మొట్టమొదటిసారి నవ్వాడు. సొంత జేబులోంచి రెండు రూపాయల నోటు తీసి ఇస్తూ, అప్పగించిన పత్రాల జాబితా చివర తన చేతితోనే ఒక వరుస రాసుకున్నాడు: చాట, ఒకటి.

శాంతవ్వ చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చింది. ఇందాకటి నుంచీ అరికాళ్ళకు ఏదో చల్లగా, తెలిసినదిగా తగులుతున్నదని ఇప్పుడు గమనించింది. వంగి, అందరూ చూస్తుండగానే, వేలి కణుపుతో నేలను ఒక్క దెబ్బ కొట్టి విన్నది. గంట పలికినట్టు పలికింది. "మనదే" అన్నది. "మనదైతే మనది గాని, జల్ది నడువు పిల్లా, బజార్ల చాటలమ్మేటోళ్ళు లేచిపోతరు" అని మొగులమ్మ ఆమె రెక్క పట్టుకుని లాగింది.